సంక్రాంతి పొద్దున ఐస్ హాకీ

చెల్లెళ్లూ, ఈసారి ముచ్చట పండగ పిండివంటలతో మొదలై చాలా దూరం పోతుంది. ఓపికగా నాతో రండి.

2023 సంక్రాంతికి నేను ఊళ్లో లేను. కెనడాలో, కాల్గరీలో మా తమ్ముడింట్లో ఉన్నాను. కిటికీలోంచి ఎటు చూసినా తెల్లటి మంచు. వంటింట్లో నేనూ మా మరదలూ అరిసెలకు పాకం పెట్టి, చిన్న గిన్నెలో నీళ్లు పోసుకుని ఉండపాకం వచ్చిందా లేదా అని చూస్తున్నాం. అంతలో మా మేనకోడలు వచ్చింది. పన్నెండేళ్ల పిల్ల. పండగపూట పరికిణీ కట్టుకోమంటే కట్టుకుంది గానీ, పైన జాకెట్టుకు బదులు ఎర్ర హాకీ జెర్సీ తొడుక్కుంది.

"అత్తా, రా. ఫైనల్ మొదలవుతోంది."

"పాకం ఆగదే తల్లీ."

"మ్యాచ్ కూడా ఆగదత్తా."

మా మరదలు నా చేతిలో గరిటె తీసుకుని, "మీరెళ్లండి వదినా, వారం నుంచీ ఈ రోజు కోసమే చూస్తోంది" అంది.

అలా ఆ పొద్దున నేను పద్దెనిమిదేళ్ల లోపు అమ్మాయిల ప్రపంచ ఐస్ హాకీ చాంపియన్‌షిప్ మొదటిసారి చూశాను. ఆట జరుగుతున్నది స్వీడన్‌లో, ఓస్టర్‌సుండ్ అనే ఊళ్లో. బంగారు పతకం కోసం కెనడా, స్వీడన్ తలపడుతున్నాయి.

నాకు ముందు నచ్చింది ఆ మైదానం. దాన్ని రింక్ అంటారు. తెల్లటి మంచు మీద ఎర్ర గీతలు, నీలం గీతలు, గుండ్రటి వలయాలు. "ఎవరో ముగ్గేసినట్టుందే" అన్నాను. మేనకోడలు నా వైపు తిరిగి ఎంత శ్రద్ధగా చెప్పిందనుకున్నారు! ముందు పల్చగా నీళ్లు చల్లి గడ్డ కట్టిస్తారట. దానికి తెల్లరంగు వేసి గీతలు గీస్తారట. ఆ పైన మళ్లీ పొర మీద పొరగా నీళ్లు పోసి గడ్డ కట్టిస్తారట. అందుకే అంతమంది ఇనప అంచుల బూట్లతో గీసినా ముగ్గు చెరగదు. మన వాకిట్లో ముగ్గు సాయంత్రానికి కాళ్ల కింద పోతుంది. వాళ్ల ముగ్గు మంచు కిందే భద్రంగా ఉంటుంది.

ఆట కూడా పిల్లే నేర్పింది. గోల్ దగ్గర నిలబడే అమ్మాయితో కలిపి ఒక్కో జట్టుకు ఆరుగురు. ఇరవయ్యేసి నిమిషాల చొప్పున మూడు భాగాలు. బంతి ఉండదు, పక్ అనే నల్లటి రబ్బరు బిళ్ల ఉంటుంది. బరువు 156 నుంచి 170 గ్రాముల మధ్య. ఎగిరెగిరి పడకుండా ఆటకు ముందు దాన్ని కూడా గడ్డకట్టేలా చల్లబరుస్తారు. అమ్మాయిలందరి ముఖాలకూ ఇనప జాలీ. ఒక్కొక్కరు మంచు మీద ఉండేది ముప్పావు నిమిషం, మహా అయితే ఇంకాస్త. ఆ కాసేపట్లోనే ఉన్న సత్తువంతా పెట్టేసి, గోడ దూకి బయటికొస్తే, ఇంకో అమ్మాయి అదే గోడ దూకి లోపలికి వెళుతుంది. ఇంత జరుగుతున్నా ఆట ఆగదు. తెరచాటు లేకుండా కళ్లముందే ఒకరి భారం ఒకరు అందుకోవడం నాకు ఎంతో ముచ్చటేసింది.

ఆ రోజు కెనడా 10–0తో గెలిచింది. మా ఇల్లు దద్దరిల్లింది. అయినా నా మనసు స్వీడన్ పిల్లల దగ్గరే ఉండిపోయింది. ఇంత తేడాతో ఓడిన ఆ పిల్లలే సెమీఫైనల్లో అమెరికాను 2–1తో ఓడించారు. ఈ పోటీ పుట్టాక అమెరికా లేని ఫైనల్ అదే మొదటిది.

పోటీ పుట్టింది ఎక్కడనుకున్నారు? మా తమ్ముడున్న కాల్గరీలోనే, 2008 జనవరిలో. మొదటి ఫైనల్లో అమెరికా 5–2తో కెనడాను ఓడించింది. కెనడా జట్టులో క్యుబెక్ నుంచి వచ్చిన పదహారేళ్ల పిల్ల ఒకతె ఉంది, మరీ-ఫిలిప్ పూలాన్. రెండేళ్లకే, 2010లో వాంకూవర్ ఒలింపిక్స్ ఫైనల్లో కెనడా కొట్టిన రెండు గోల్సూ ఆ అమ్మాయివే. 2014లో సోచీలో కెనడా ఓటమి అంచున ఉండగా చివరి నిమిషంలో స్కోరు సమం చేసి, ఓవర్‌టైమ్‌లో గెలిపించింది కూడా ఆమే. 2022లో బీజింగ్‌లోనూ గెలుపు గోల్ ఆమెదే. కాల్గరీలో ఆ జనవరిలో పదహారేళ్ల పిల్లలకు ఎవరూ వేదిక వెయ్యకపోయి ఉంటే, ఆ పేరు మనదాకా రావడానికి ఇంకెన్నేళ్లు పట్టేదో!

అయితే మొదటి పదేళ్లూ, 2008 నుంచి 2017 దాకా, పది ఫైనళ్లలోనూ అమెరికా, కెనడాలే. 2015, 2016లో రెండుసార్లూ ఓవర్‌టైమ్ దాకా వెళ్లి 3–2తోనే తేలింది. వాళ్లిద్దరి మధ్య ఆట అంత బిగువుగా ఉండేది. మిగతావాళ్లతో ఆడితే మాత్రం చూడలేనంత తేడా. 2008 సెప్టెంబరులో, ఒలింపిక్స్ అర్హత కోసం లాట్వియాలో జరిగిన పోటీలో స్లొవేకియా ఆడవాళ్ల జట్టు బల్గేరియా మీద 82–0తో గెలిచింది. మీరు చదివింది నిజమే, ఎనభై రెండు. అరవై నిమిషాల ఆటలో సుమారు ముప్పావు నిమిషానికో గోల్. ఏడాదిన్నర తిరక్కుండానే అదే స్లొవేకియా వాంకూవర్ ఒలింపిక్స్‌కి వెళ్లి కెనడా చేతిలో 18–0తో ఓడింది.

ఆ రోజుల్లో ఒలింపిక్ సంఘం అధ్యక్షుడు జాక్ రోగ్, ఆడవాళ్ల హాకీ మెరుగుపడి తీరాలి, ఎప్పటికీ ఇలాగే సాగనివ్వలేం అని అందరూ వినేలా చెప్పారు. అది ఉత్త మాట కాదు, దాని వెనక బెదురుంది. 2008 తర్వాత ఆడవాళ్ల సాఫ్ట్‌బాల్‌ను ఒలింపిక్స్ నుంచి తీసేశారు కూడా. 1998లో నగానో ఒలింపిక్స్‌లో మొదలైన ఆడవాళ్ల ఐస్ హాకీకి అప్పటికి పన్నెండేళ్లే. పన్నెండేళ్ల పిల్లను నిలబెట్టి, నువ్వు సరిగ్గా ఎదగలేదు, వచ్చేసారి నీకు అన్నం పెడతామో లేదో అన్నట్టు లేదూ? తిండి పెడితేనే కదా ఎదిగేది. మగవాళ్ల ప్రపంచ పోటీలకు అప్పటికే దశాబ్దాల చరిత్ర ఉంది. ఆడవాళ్లకు మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ పెట్టిందే 1990లో, ఆటవాలో. పద్దెనిమిదేళ్ల లోపు అమ్మాయిలకు 2008 దాకా ఏమీ లేదు. నారుమడి పోయకుండా పంట పలచగా ఉందంటే ఎవరిది తప్పు?

ఇప్పుడు ఆ నారు ఎలా ఎదిగిందో చెబుతాను, వినండి.

ఓస్టర్‌సుండ్‌లో 2023లో జరిగిన పోటీ మొత్తానికీ అత్యుత్తమ క్రీడాకారిణి అన్న గౌరవం కెనడా అమ్మాయికి రాలేదు, అమెరికా అమ్మాయికీ రాలేదు. స్లొవేకియా పిల్లకు వచ్చింది. పేరు నేలా లోపుషానొవా, ఊరు జిలీనా, వయసు పద్నాలుగు. అయిదు ఆటల్లో తొమ్మిది గోల్స్ కొట్టి, మరో మూడింటికి సాయపడింది. స్లొవేకియా దేశం మొత్తం జనాభా అరకోటి చిల్లర, మన హైదరాబాదు కంటే తక్కువ.

ఆ పిల్ల కొట్టిన ఒక గోల్‌ని మా మేనకోడలు ఫోన్‌లో నాకు ఎన్నిసార్లు చూపించిందో లెక్కలేదు. గోల్ వెనక్కి వెళ్లి, అట్లకాడతో అట్టును లేపినట్టు కర్ర కొసతో పక్‌ను మంచు మీంచి పైకి లేపింది. అది జారిపోకుండా అలాగే తిప్పుకొచ్చి, పక్కనుంచి వల పైమూలలోకి దోపేసింది. 1996లో మైక్ లెగ్ అనే కుర్రాడు మిషిగన్ విశ్వవిద్యాలయానికి ఆడుతూ అలా కొట్టాడని ఆ గోల్‌కి 'మిషిగన్' అని పేరు. మగవాళ్లలోనే అది చెయ్యగలిగినవాళ్లు తక్కువ. ప్రపంచ పోటీలో, గోల్ కీపర్ కళ్లముందే, పద్నాలుగేళ్ల పిల్ల చేసింది. అట్టు తిరగెయ్యడం అందరికీ వచ్చు, పరిగెడుతూ తిరగెయ్యమనండి చూద్దాం!

నేను ఫోన్ చూడటం ఆపి లెక్కేసుకున్నాను. నేలా పుట్టింది 2008లో. కాల్గరీలో మొదటి పోటీ జరిగేనాటికి ఇంకా తల్లి కడుపులో ఉంది. బల్గేరియా మీద ఆ ఎనభై రెండు గోల్స్ పడేనాటికి నెలల పిల్ల. ఈ పోటీ వయసూ ఆ పిల్ల వయసూ ఒకటే. ఓస్టర్‌సుండ్ పోటీకి మరుసటి ఏడాది, 2024లో, స్విట్జర్లాండ్‌లోని జుగ్‌లో చెక్ అమ్మాయిలు సెమీఫైనల్లో కెనడాను 4–2తో ఓడించి ఫైనల్‌కి వెళ్లారు. అమెరికా చేతిలో 5–1తో ఓడారు, వెండి తెచ్చుకున్నారు. అదే జనవరి 1న టొరాంటోలో ఆడవాళ్లకు కొత్త వృత్తి లీగ్ మొదలైంది. ఆ ఏప్రిల్లో మాంట్రియాల్‌లో ఒక్క ఆటకు 21,105 మంది వచ్చి కూర్చున్నారు. ఎదుగుదల ఏదీ అని అడిగినవాళ్లకు ఇంతకంటే ఏం చూపిస్తాం?

ఇదంతా సంతోషం కబురు. నేను అసలు మీతో చెప్పుకోవాలనుకున్నది వేరే ఉంది.

ఈ పోటీకి ఒక గుణం ఉంది. ఇది తలుపు లాంటిది, వయసు దాటితే మూసుకుపోతుంది. ఎంత గొప్పగా ఆడినా పద్దెనిమిది దాటాక మళ్లీ రానివ్వరు. అందుకే పదిహేడేళ్ల అమ్మాయికి ప్రతి జనవరీ ఎంతో విలువైనది. కాలేజీ కోచ్‌లు వచ్చి చూసేది ఇక్కడే, దేశం పేరున్న జెర్సీ మొదటిసారి ఒంటిమీద పడేదీ ఇక్కడే.

కరోనా వచ్చింది. 2021 జనవరిలో స్వీడన్‌లో జరగాల్సిన పోటీ రద్దయింది. సరే, లోకమంతా ఆగిపోయింది కదా అనుకుంటాం. కానీ అబ్బాయిలకు అన్నీ ఆగలేదు. అదే చలికాలం ఎడ్మంటన్‌లో ఇరవై ఏళ్ల లోపు అబ్బాయిల ప్రపంచ పోటీని, బయటి గాలి సోకకుండా హోటళ్లలో ఉంచి మరీ నడిపించారు. ఆ వేసవి మొదట్లో పద్దెనిమిదేళ్ల లోపు అబ్బాయిల పోటీ టెక్సస్‌లో జరిగింది. అమ్మాయిలది మాత్రం పోయింది. 2003లో పుట్టిన పిల్లలకు అదే ఆఖరి అవకాశం. వాళ్ల తలుపు మూసుకుపోయింది.

తర్వాతి జనవరి మళ్లీ స్వీడన్‌లోనే అన్నారు. పిల్లలు మళ్లీ కసరత్తు చేశారు, జట్లు ఎంపికయ్యాయి, సామాన్లు సర్దుకున్నారు. 2021 డిసెంబరు 24న, క్రిస్మస్ ముందురోజు, అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య జనవరిలో జరగాల్సిన తన పోటీలన్నీ రద్దని ప్రకటించింది. అందులో ఇదీ ఉంది. వరసగా రెండోసారి. రెండు రోజులకు అబ్బాయిల పెద్ద పోటీ అల్బర్టాలో అనుకున్నట్టే మొదలైంది. అదీ నాలుగు రోజులు తిరక్కుండా ఆగిపోయింది, కానీ దాన్ని వేసవిలో మళ్లీ పెడతామని గట్టిగా మాటలు నడిచాయి. అమ్మాయిల సంగతేమిటన్న ప్రశ్నకు ముందు సరైన జవాబు రాలేదు.

చెల్లెళ్లూ, ఈ సంగతంతా విన్నప్పుడు నాకు మా బడి గుర్తొచ్చింది. పేరెందుకు, పాత సంగతి. నేను పదో తరగతి. మా కబడ్డీ జట్టు మండలంలో గెలిచి జిల్లాకు ఎంపికైంది. అబ్బాయిల జట్టూ ఎంపికైంది. బయల్దేరాల్సిన రోజు పొద్దున మేము ఏడుగురం సంచులతో బడికొచ్చాం. మా అమ్మ పులిహోర కట్టిచ్చింది. జీపు ఒకటే దొరికింది, అబ్బాయిలు వెళతారు, మీరు వచ్చే ఏడాది వెళ్దురుగాని అన్నారు. మాలో అయిదుగురం పదో తరగతి. మాకు ఆ బళ్లో వచ్చే ఏడాదంటూ లేదు. ఆ మాట చెప్పాలని కూడా మాకు తోచలేదు. చింతచెట్టు కింద కూర్చుని పులిహోర తినేసి ఇళ్లకు వెళ్లిపోయాం. ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు. మాకూ అడగాలనిపించలేదు.

ఐస్ హాకీ అమ్మాయిలు మాత్రం అడిగారు. వాళ్ల తరఫున ఆ ఆటలో పెద్ద పేరున్న అక్కలు అడిగారు. అబ్బాయిలకు దొరికిన దారి వీళ్లకెందుకు దొరకదని నిలదీశారు. వార్తాపత్రికలు రాశాయి, తల్లిదండ్రులు గొంతెత్తారు. ఆ గొడవ ఊరికే పోలేదు. పోటీని అమెరికాలోని విస్కాన్సిన్‌కు మార్చారు. మ్యాడిసన్, మిడిల్టన్ ఊళ్లలో 2022 జూన్‌లో జరిగింది. ఎండాకాలం! బయట చెట్లన్నీ పచ్చగా ఉంటే లోపల మంచు మీద ఆట. 2004లో పుట్టిన పిల్లలకు మూసుకుపోతున్న తలుపు ఆరు నెలలు ఆగింది.

ఆ జూన్‌లో మొదటి దశలో అమెరికా కెనడాను 7–0తో ఓడించింది. అలాంటి దెబ్బ తిన్నాక లేవడం కష్టం. అదే వారంలో ఫైనల్లో వాళ్లిద్దరే మళ్లీ ఎదురుపడ్డారు, కెనడా 3–2తో గెలిచింది. గెలిచినవాళ్ల మాట పక్కన పెట్టండి. ఓడినవాళ్లూ ఆడి ఓడారు. సంచి సర్దుకుని ఇంట్లో కూర్చుని ఓడలేదు. ఆ రెండిటి మధ్య తేడా నాకు బాగా తెలుసు.

పండగ మధ్యాహ్నం అరిసెలు తింటూ మా తమ్ముణ్ని అడిగాను, ఈ పిల్లకు ఈ పిచ్చి ఎలా పట్టిందిరా అని. తెలుగిళ్లలో చదువూ, డాన్సూ, ఈతా నేర్పిస్తారు గానీ, తెల్లవారుజామున అయిదింటికి లేచి చలిలో రింక్‌కి తీసుకెళ్లే తండ్రులు ఎందరని?

వాడు చెప్పిన సంగతి వింటే మీకూ ఒళ్లు పులకరిస్తుంది. 2018లో లద్దాఖ్ నుంచి మన అమ్మాయిలు కాల్గరీ వచ్చారు. కెనడా ఆడవాళ్ల హాకీలో పెద్ద పేరు హేలీ వికెన్‌హైజర్. ఆమె ఆ ఏడాది మొదట్లో లద్దాఖ్ వెళ్లి, గడ్డకట్టిన చెరువుల మీద వీళ్లు ఆడటం చూసింది. తను కాల్గరీలో నడిపే అమ్మాయిల హాకీ పండగకు వాళ్లను రప్పించింది. మా తమ్ముడు, మనదేశం వాళ్లట కదా చూద్దామని కూతుర్ని చంకనేసుకుని వెళ్లాడు. అప్పటికి దానికి ఎనిమిదేళ్లు కూడా లేవు. జెర్సీ మీద 'ఇండియా' అన్న అక్షరాలు చదువుకుంది. అమ్మ జడలాంటి నల్లటి జడలు హెల్మెట్ల కిందనుంచి వేలాడటం చూసింది. ఇంటికొచ్చి, నాకూ బూట్లు కావాలి నాన్నా అంది. అంతే.

లద్దాఖ్‌లో చెరువు గడ్డకట్టి ఉండేది రెండు, మూడు నెలలు. ఆ కాసిని రోజుల సాధనతోనే మన ఆడవాళ్ల జట్టు 2016లో తైపేలో మొదటి అంతర్జాతీయ పోటీ ఆడింది. 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్ మీద 4–3తో మొదటి గెలుపు చూసింది. 2025లో అరబ్ ఎమిరేట్స్‌లోని అల్ అయిన్‌లో జరిగిన ఆసియా కప్‌లో కంచు పతకం తెచ్చింది. ఆ కబురు రాగానే కాల్గరీ నుంచి ఫోన్. అవతల నుంచి మాటల్లేవు, ఒకటే కేకలు.

ఆ సంక్రాంతి రాత్రి సంగతి చెప్పి ఆపేస్తాను. భోజనాలయ్యాక మేనకోడలు నా పక్కన చేరి, "అత్తా, చిన్నప్పుడు నువ్వేం ఆడేదానివి?" అని అడిగింది.

"కబడ్డీ."

"ఫైనల్ గెలిచారా?"

"తీసుకెళ్లలేదమ్మా."

ఎందుకని అడగలేదు. కాసేపు నా ముఖంలోకి చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని కింద బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్లింది. సోఫాలు పక్కకు జరిపింది. కర్రకు చుట్టే నల్ల టేపు తెచ్చి కార్పెట్ మీద అడ్డంగా గీత వేసింది. "నేర్పు" అంది.

దాని పరికిణీ కుచ్చెళ్లు ఎత్తి నడుముకు దోపాను. కూత ఎలా పెట్టాలో, ఊపిరి ఎక్కడ దాచుకోవాలో చెప్పాను. గీత అవతల మా తమ్ముడు, మరదలు చేతులు చాచి నిలబడ్డారు. పిల్ల ఊపిరి బిగబట్టి, కబడ్డీ కబడ్డీ అంటూ గీత దాటింది.

"ఊపిరి వదలకే!" అని అరిచాను. వాళ్ల నాన్న మోకాలు తాకి, కూత తెగకుండానే వెనక్కి దూకింది.

"ఇప్పుడు నువ్వెళ్లత్తా" అంది.

చీరకొంగు బిగించి, గీత దగ్గరికి వెళ్లాను.